బారో, లెండ్, లీజ్: బెంగళూరులో జేబుకి చిల్లు పెట్టే మాటలు

తమ్ముడూ, మారతహళ్ళి పీజీలో దిగావన్నమాట, సంతోషం. ఇంగ్లీషులో లై (lie), లే (lay) తేడా చెప్పమని అడిగావు. పడుకోవడం లై, పడుకోబెట్టడం లే. మిగతాది ఏ గ్రామర్ పుస్తకంలోనైనా ఉంటుంది. ముందు డబ్బు దగ్గర వాడే క్రియలు సరిచేసుకో.

నేను వచ్చిన కొత్తలో బ్రోకర్‌కి ఫోన్ చేసి, స్టైల్‌గా ఉంటుందని 'ఐ వాంట్ టు లీజ్ ఎ హౌస్' అన్నాను. లీజంటే మన కౌలు లాంటిదే కదా అని నా ధీమా. ఆయన బీటీఎం లేఅవుట్‌లో మంచి ఇల్లు చూపించాడు, ఎండ, గాలి అన్నీ బాగున్నాయి. నెలకెంత అంటే నవ్వాడు. ఈ ఊళ్ళో లీజంటే లక్షలు ఒకేసారి ఓనర్ చేతిలో పెట్టడం. నెల నెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు తిరిగిస్తారు. నా దగ్గరేమో అడ్వాన్సుకే లేదు! నీకు కావలసింది రెంట్. ఇంటిని అద్దెకిచ్చేవాడు 'రెంట్ అవుట్' చేస్తాడు, నువ్వు ఉత్త 'రెంట్' చేస్తావు. ఎప్పుడైనా లీజుకి వెళ్తే ఆ ఇంటి మీద బ్యాంకు లోను ఉందేమో చూసుకో. ఓనర్ కట్టకపోతే బ్యాంకు ఇంటి మీదికొస్తుంది, నీ డబ్బు ఇరుక్కుంటుంది. అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ సంగతులు లాయర్ని అడుగు.

ఇక అప్పు. మనకి తీసుకున్నా అప్పే, ఇచ్చినా అప్పే. అందుకే 'కెన్ యూ బారో మీ ఫైవ్ హండ్రెడ్' అని నోరు జారుతుంది. తీసుకునేవాడిది బారో, ఇచ్చేవాడిది లెండ్. 'కెన్ యూ లెండ్ మీ' అను, లేదా 'కెన్ ఐ బారో ఫ్రమ్ యూ' అను.

రైజ్, రెయిజ్ గురించి భయపడకు, మన పెరగడం, పెంచడమే అవి. అద్దె దానంతటది రైజ్ అవుతుంది, ఓనర్ రెయిజ్ చేస్తాడు (ఏటా చేస్తాడులే). జీతం పెరిగితే 'మై శాలరీ రోజ్', కంపెనీ పెంచితే 'దే రెయిజ్డ్ ఇట్'. అప్రైజల్ మీటింగ్‌లో రెండోదే వాడు, పెంచాల్సింది వాళ్ళని తెలియాలి.

నీ రూమ్మేట్ ప్రతి నెలాఖరుకీ చేబదులు అడుగుతున్నాడని రాశావు. 'కెన్ యూ లెండ్ మీ' అని ఎంత చక్కగా అడిగినా సరే, పాతది తీర్చేదాకా ఇవ్వకు.