పచ్చకామెర్లలో పచ్చ ఏ రంగు?

సందేహం: మా ఆసుపత్రి గోడకు అంటించడానికి కామెర్ల గురించి నాలుగు మాటలు రాశాను. 'పచ్చకామెర్లు' అని రాస్తే, రోగి కళ్లు పసుపుగా ఉంటాయి గాని ఆకుపచ్చగా ఉండవు కదా అని ఒకరు 'పసుపు కామెర్లు'గా దిద్దారు. ఏది సరైనది? కామెర్లు 'వచ్చింది' అనాలా, 'వచ్చాయి' అనాలా?
– ఒక నర్సు, గుంతకల్లు, అనంతపురం జిల్లా

సమాధానం: మీరు రాసిందే సరైనదమ్మా. దిద్దినవారు పచ్చ అంటే ఆకుపచ్చ ఒక్కటే అనుకున్నారు. రంగు పెన్సిళ్ల పెట్టెలో నేర్చుకున్న తెలుగు అది! కోడిగుడ్డులో పచ్చసొన ఏ రంగు? పచ్చని మేనిఛాయ అంటే ఏ ఛాయ? పచ్చ మనకు రెండు రంగులకూ చెల్లుతుంది. విడదీసి చెప్పవలసి వచ్చినప్పుడే ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం. కడపలో కొంతకాలం కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తన 1852 నాటి నిఘంటువులో పచ్చకు ఈ రెండర్థాలూ ఇచ్చాడు.

కామెరకు మూలం సంస్కృత 'కామల'. చరకసంహిత పాండురోగంతో (రక్తం తగ్గి ఒళ్లు పాలిపోయే జబ్బుతో) పాటే దీన్నీ చెబుతూ రోగిని 'హారిద్రనేత్రుడు' అంది, అంటే పసుపు రంగు కళ్లవాడని. మీ ఊరి నుంచి బళ్లారి వైపు వెళ్తే కామాలె, అరిశిన కామాలె అన్న మాటలు వినిపిస్తాయి. అరిశిన అంటే పసుపే. తమిళులదీ 'మంజళ్ కామాలై'. మన పచ్చకామెర్లు వీటికి తోబుట్టువు.

వైద్యంలోకి వెళ్తే ఇంకో తమాషా. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చితికాక అందులోని హీమ్ అనే ఎర్రరంగు పదార్థం మొదట బిలివర్డిన్‌గా, తర్వాత బిలిరుబిన్‌గా మారుతుంది. మొదటిది ఆకుపచ్చ, రెండోది పసుపుపచ్చ. దెబ్బ తగిలి కమిలిన చోటు కొన్నాళ్లకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా తిరగడం మీరు రోజూ చూసేదే. బిలిరుబిన్‌ను కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపాలి. ఆ పని కుంటుపడితే అది రక్తంలో పేరుకుంటుంది. మామూలుగా డెసిలీటరు రక్తంలో 1 మిల్లీగ్రాము లోపు ఉండేది 2, 3 దాటితే తెల్లగుడ్డు పచ్చబడుతుంది.

'పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది' అన్న సామెతను మాత్రం గోడకెక్కించకండి. రంగెక్కేది కంటి తెల్లగుడ్డు మీది పొర. చూపుకు దారి నల్లగుడ్డు నడుమనున్న కంటిపాప. అందుకే రోగికి లోకం ఎప్పటి రంగులోనే ఉంటుంది. సామెత ఉద్దేశించింది అనుమానపు బుద్ధిని.

పనిలో పనిగా, కామెర్లు జబ్బు కాదు, జబ్బు చూపే లక్షణమని కూడా ఒక వాక్యం చేర్చండి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కావచ్చు, రక్తం ద్వారా సోకే బి, సి కావచ్చు, పైత్యనాళంలో అడ్డుపడిన రాయీ కావచ్చు. అన్నిటికీ ఒకే ఆకుపసరు అంటే కుదరదు. ముందు రక్తపరీక్ష కావాలి.

ఇక క్రియ సంగతి. కామెర ఏకవచనం, కామెర్లు బహువచనం. విరేచనాలు అవుతాయి, గవదబిళ్లలు లేస్తాయి, అలాగే కామెర్లూ వస్తాయి. జ్వరం వచ్చింది, తట్టు పోసింది అన్నప్పుడు ఏకవచనమే. 'కామెర్లు వచ్చింది' అని ఎక్కడైనా కనిపిస్తే మొహమాటపడకుండా దిద్దండి. పసుపు కామెర్లు అన్నవారి చేతనే దిద్దిస్తే మరీ మంచిది.