పప్పు మానేశా, పాలు మానేశా.. అయినా సాయంత్రానికి కడుపుబ్బరం!

ప్రశ్న: నా వయసు 36. టీచర్‌ని. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి కడుపు ఉబ్బిపోయి చీర కుచ్చిళ్లు వదులు చేసుకోవాల్సి వస్తోంది. గుడగుడలు, మెలిపెట్టే నొప్పి. విరేచనమైతే కాస్త తేలిక. వారంలో మూడు నాలుగు రోజులు ఇదే వరస. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నా. పప్పు, పాలు, పెరుగు మానేశా. పచ్చిపులుసో కట్టుచారో పోసుకుని తింటున్నా. ఏడాదిన్నరగా రాత్రి అన్నం బదులు చపాతీలు. గ్యాస్‌కి మంచిదని మా అత్తయ్య మొదటి ముద్దలో వెల్లుల్లి కారం కలిపి పెడతారు. సాయంత్రం టీ తాగగానే ఎక్కువవుతుంది కాబట్టి టీ కూడా మానేద్దామనుకుంటున్నా. మూడు కిలోలు తగ్గాను. ఇంకా ఏమేం మానేయాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇప్పటికే మానాల్సినవాటి కంటే ఎక్కువే మానేశారు. మానకుండా ఉంచుకున్నవాటి మీదే నాకు అనుమానం.

ముందు ఆ బిళ్ల సంగతి. మనం ఛాతీలో మంటనీ గ్యాసే అంటాం, పొట్ట ఉబ్బరాన్నీ గ్యాసే అంటాం. పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ లాంటి మందులు జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మీకు గాలి తయారవుతున్నది అక్కడ కాదు, పెద్దపేగులో. మంట, పులితేన్పులు లేకపోతే ఆ బిళ్లతో మీకు పెద్దగా పనిలేదు. ఎందుకు రాశారో మీ డాక్టర్‌ని అడిగి, ఆయన సరేనంటే ఆపండి.

పెద్దపేగులో గాలి ఎక్కడిదంటే, కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు మన చిన్నపేగులో అరగవు, లేదా పూర్తిగా ఇంకవు. అవి అలాగే కిందికి దిగితే పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని పులియబెడతాయి. గిన్నెలో దోసెల పిండి పొంగినట్టే. పైగా ఈ చక్కెరల్లో కొన్ని పేగులోకి నీటిని లాగుతాయి. వీటన్నిటికీ కలిపి ఫాడ్‌మ్యాప్ అనే పేరును 2005లో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు, పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్, పాలలో లాక్టోజ్, మామిడిపండు, తేనెల్లో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో ఉండే పాలియాల్స్. ఇంతే జాబితా.

ఇవి విషాలు కావు. ఫ్రక్టాన్లనీ పప్పుల్లోని చక్కెరలనీ అరిగించే ఎంజైమ్ మనుషుల్లో ఎవరికీ లేదు. మీ అత్తయ్యకూ ఇంచుమించు మీకు వచ్చినంత గ్యాసే వస్తుంది. ఆవిడ పేగు పట్టించుకోదు, మీ పేగు నరాలు గగ్గోలు పెడతాయి. దీన్నే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటాం. మీరు చెప్పిన లక్షణాలు దానికి దగ్గరగా ఉన్నాయి.

ఇక మీ కంచం చూద్దాం. రాత్రి అన్నం మాని చపాతీకి మారింది ఏడాదిన్నర క్రితం, బాధ మొదలైంది ఏడాది క్రితం. బియ్యంలో ఫ్రక్టాన్లు దాదాపు ఉండవు, గోధుమలో ఉంటాయి. నాలుగు చపాతీలు, ఉల్లిగడ్డ వేసిన కూర అంటే ఒకే పూట రెండు మోతాదులు. వెల్లుల్లి సంగతి చెబితే మీ అత్తయ్యకు కోపం రావచ్చు కానీ, వంటింట్లో ఫ్రక్టాన్లు బాగా ఎక్కువున్న దినుసుల్లో అదొకటి. గ్యాస్‌కి మందని మీరు తింటున్నదే మీ పేగుకు గ్యాస్ ముడిసరుకు కావచ్చు.

పచ్చిపులుసులో ఉల్లిముక్కలు ఏరి పక్కన పెట్టినా లాభం లేదు. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. కట్టుచారూ అంతే. పప్పు తినట్లేదు, పైన తేట మాత్రమే పోసుకుంటున్నా అనుకుంటాం. పప్పు ఉడికేటప్పుడు రాఫినోజ్ దిగేది ఆ తేటలోకే! నాకు తెలిసి పేగు బాధలున్నవాళ్లు 'తేలిగ్గా ఉంటుంది' అని కట్టు తాగడం మామూలే. ఇలాంటివాళ్లకు నేను చెప్పేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: పప్పు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించండి. కంది, శనగ, రాజ్మా కంటే పెసరపప్పుతో మొదలుపెట్టడం మేలు. అదీ రెండు మూడు చెంచాలే.

అదే ఫ్రక్టాన్లు నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, రెబ్బలు తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకుంటే వాసన దక్కుతుంది, బాధ ఉండదు. చారులో చిటికెడు ఇంగువ, కూరలో ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వాడుకోండి. కాడల అడుగున ఉండే తెల్లటి భాగం మాత్రం వద్దు.

టీని నిందించకండి. కప్పు టీలో పాలు మహా అయితే 100 మిల్లీలీటర్లు, అంటే 5 గ్రాముల లాక్టోజ్. పాలు పడనివాళ్లలో కూడా చాలామంది ఒక విడతకు 12 గ్రాముల దాకా తట్టుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న పచ్చిపులుసు పెద్దపేగు చేరి పొంగేసరికి నాలుగైదు గంటలవుతుంది. సరిగ్గా అప్పుడే మీరు టీ కప్పు పట్టుకుంటారు, నింద దాని మీద పడుతుంది. పెరుగులో లాక్టోజ్ పాలకంటే తక్కువే, అరకప్పు తినండి.

చపాతీ ఆపే ముందు ఒక పని ఉంది. గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందేమో తెలిపే రక్తపరీక్ష (టీటీజీ ఐజీఏ) చేయించుకోండి. గోధుమ మానేశాక చేస్తే జబ్బున్నా లేనట్టు చూపించొచ్చు. దాంతోపాటు రక్తహీనత, థైరాయిడ్, మల పరీక్షలు. మూడు కిలోలు తిండి తగ్గించినందువల్లే తగ్గి ఉండొచ్చు కానీ, నేను దాన్ని తేలిగ్గా వదిలేయను. విరేచనంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, జ్వరం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ తిండి ప్రయోగాలన్నీ పక్కనపెట్టి గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.

పరీక్షలు బాగుంటే నాలుగు వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కట్టుచారు ఆపండి. అన్నం, జొన్నరొట్టె, గుడ్డు, చేప, వంకాయ, బీరకాయ, టమాటా, క్యారెట్, కమలాపండు తినొచ్చు. ఆరు వారాలు దాటి మాత్రం సాగదీయొద్దు. పులిసే ఈ పదార్థాలే పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి. అవి తయారుచేసే బ్యూటిరేట్ పెద్దపేగు లోపలిపొర కణాలకు ఇంధనం. ఏళ్ల తరబడి మానేస్తే ఆ బ్యాక్టీరియా తగ్గుతాయి. నాలుగు వారాలైనా తేడా కనిపించకపోతే తప్పు తిండిది కాదనుకుని అన్నీ మళ్లీ మొదలుపెట్టేయండి, డాక్టర్‌ని కలవండి.

తేడా కనిపిస్తే ఒక్కొక్కటిగా పరీక్షించుకోవాలి. మొదట చపాతీ: మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, మూడోరోజు మూడు. నోట్‌బుక్‌లో టైముతో సహా రాయండి. రెండు మూడు రోజులు ఆగి ఉల్లి, తర్వాత పప్పు. ఉల్లి, వెల్లుల్లి ఒకేసారి పెట్టకండి. ఒకటి పడి ఇంకోటి పడనివాళ్లున్నారు. వెల్లుల్లి కారం చివరన. అది కూడా సెలవురోజు మధ్యాహ్నం, ఒక్క ముద్దలో, అత్తయ్య చేత్తోనే కలిపించుకుని చూడండి.