కిడ్నీ జబ్బు ఉంది.. మలబద్ధకం, నిద్రలేమి వేధిస్తున్నాయి

ప్రశ్న: నా వయసు 56. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కిడ్నీల వడపోత ఎంత ఉందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 22 ఉంది, డయాలసిస్ మొదలుపెట్టలేదు. మూడు నెలలుగా కడుపు ఉబ్బరం, మూడు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదు. పడుకోగానే కాళ్లు లాగుతాయి, నిద్ర పట్టదు. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

జవాబు: సొంతంగా వేసుకోకండి. కిడ్నీలు ఇంతగా నెమ్మదించినప్పుడు కొన్ని మందులు ఒంట్లోంచి త్వరగా పోవు, మత్తు మర్నాటి దాకా ఉండిపోతుంది. నిద్ర ఎందుకు పట్టడం లేదో ముందు చూడాలి.

అంతకంటే ముందు మీ కడుపు సంగతి చెప్పాలి. మలబద్ధకాన్ని డాక్టర్ దగ్గర ప్రస్తావించడానికే చాలామంది మొహమాటపడతారు. దయచేసి చెప్పండి. కిడ్నీలు పంపలేని పొటాషియంలో కొంత పెద్దపేగు ద్వారా మలంతో బయటికి పోతుంది. మలం కదలకపోతే ఆ దారీ మూసుకుపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పవచ్చు. పొటాషియం భయంతో పండ్లు, కూరగాయలు బాగా తగ్గించేయడం, ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు, షుగర్ వల్ల పేగుల నరాలు దెబ్బతినడం.. కారణం వీటిలో ఏదైనా కావచ్చు, అన్నీ కలిసీ కావచ్చు. ఏ పండ్లు, కూరగాయలు ఎంత తినవచ్చో డైటీషియన్‌ను అడగండి, మొత్తంగా మానేయకండి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే వాటితోనే నాకు ఎక్కువ భయం. మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు, విరేచనం కావడానికి వాడే మందులు, మలద్వారం నుంచి ఎక్కించే ఫాస్ఫేట్ ఎనీమా మీకు పనికిరావు. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ లాంటివి సాధారణంగా ఇబ్బంది పెట్టవు, మోతాదు మీ డాక్టరే చెప్పాలి.

ఇక కాళ్లు. లేచి నడిస్తే తగ్గి, పడుకుంటే మళ్లీ వస్తోందా? అయితే అది కాళ్లను కదపకుండా ఉండనివ్వని రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. కిడ్నీ జబ్బులో ఇది తరచూ చూస్తాం. ఒంట్లో ఐరన్ తగ్గినా వస్తుంది కాబట్టి హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. ఉబ్బరానికి, వికారానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ దీన్ని ఇంకా పెంచుతుంది. ఆ మాత్ర వాడుతుంటే తప్పక చెప్పండి.

రాత్రి భోజనానికి, పడకకు మధ్య మూడు గంటలైనా ఉండాలి. మూత్రం ఎక్కువ అయ్యే మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే పగటికి మార్చవచ్చేమో అడగండి. గురక గట్టిగా పెడుతున్నారా అని ఇంట్లోవాళ్లను కనుక్కోండి, నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియా కూడా మీలాంటి వారిలో ఎక్కువే.

పొద్దున్నే వికారం, నోట్లో లోహపు రుచి, ఆకలి చచ్చిపోవడం మొదలైతే వ్యర్థాలు పేరుకుంటున్నాయేమో చూడాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. పడుకుంటే ఆయాసం, విడవని వాంతులు, మగత, తారులా నల్లటి విరేచనం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.