జర్మనీ సెమెస్టర్ వృథా అయిందా? ముందు ఆ 2.3 సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది తణుకు. హైదరాబాద్‌లో ఒక అటానమస్ కాలేజీలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎక్స్‌చేంజ్ కింద వింటర్ సెమెస్టర్‌కి జర్మనీ వెళ్లి మార్చి మొదటివారంలో తిరిగొచ్చాను. నాలుగు సబ్జెక్టుల్లో మూడు పాసయ్యాను, ఒకటి పోయింది. పాసైన వాటిలో కూడా ఒకటి ముందు ఒప్పుకున్న లిస్టులో లేదని మా కాలేజీ లెక్కలోకి తీసుకోవట్లేదు. ఇక్కడ 3-2 (మూడో ఏడాది రెండో సెమెస్టర్) క్లాసులు జనవరిలోనే మొదలయ్యాయి కాబట్టి అటెండెన్స్ టెన్షన్ వేరే. నాన్న మార్కుల కాగితంలో 2.3 చూసి ‘ఆరు లక్షలు పోస్తే తెచ్చింది ఇదా’ అన్నారు. అక్కడ ల్యాబ్‌లో గ్రూప్‌మేట్ అందరి ముందూ నిలదీస్తే ఏడ్చేశాను కూడా. రెజ్యూమెలో ‘గ్లోబల్ ఎక్స్‌పోజర్’ అని రాసుకున్నాను. ఇంటర్వ్యూలో అంతకుమించి ఏం చెప్పాలో తెలియట్లేదు. – ఒక విద్యార్థిని

జవాబు: ముందు నాన్నగారి కోపం సంగతి చూద్దామమ్మా, అది తేలిగ్గా తేలిపోయేదే. జర్మనీ గ్రేడులు మన లెక్కకి తలకిందులు. 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 వస్తే తప్పినట్టు. 2.3ని అక్కడ ‘గుట్’ అంటారు, అంటే బాగా చేసినట్టే. బయటి దేశాల మార్కుల్ని తమ గ్రేడుల్లోకి మార్చడానికి వాళ్లు బవేరియన్ ఫార్ములా ఒకటి వాడతారు. దాన్నే వెనక్కి తిప్పి లెక్కేస్తే, 5 వస్తే పాసయ్యే పది పాయింట్ల స్కేలు మీద మీ 2.3 దాదాపు 7.8 అవుతుంది. మీ కాలేజీ పట్టిక వేరుగా ఉండొచ్చు గానీ, నాన్నగారికి చూపించడానికి ఈ లెక్క చాలు. రెజ్యూమెలో మాత్రం ఒట్టి 2.3 అని వదిలేయకండి. చూసేవాళ్లు దాన్ని సీజీపీఏ అనుకుని పక్కన పడేస్తారు. పక్కనే ‘1.0 అత్యుత్తమం, 4.0 పాస్’ అని రాయండి.

ఆరు లక్షలంటారా, అది ఫీజు కాదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) నెలకి 992 యూరోల చొప్పున ఆరు నెలలకి 5,952 యూరోలు చూపించి ఉంటారు. యూరో వంద రూపాయలనుకుంటే ఇంచుమించు అదే మొత్తం. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోంచే పోయాయి. హైదరాబాద్‌లో ఉన్నా హాస్టల్ ఖర్చు అయ్యేదే కదా. అయినా డబ్బు డబ్బే, ఆయన బాధ తప్పని నేననను.

ఇక అసలు చిక్కు, క్రెడిట్లు. వెళ్లే ముందు రెండు యూనివర్సిటీలూ మీరూ కలిసి సంతకాలు చేసిన కాగితాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడికి వెళ్లాక ఒక సబ్జెక్టు జర్మన్‌లోనే చెబుతున్నారని తెలిసి మీరు వేరేది తీసుకున్నారు. అది చాలామంది చేసేదే. మార్పు చేసిన కాగితం మీద ఇక్కడి సంతకం తీసుకోవడం మర్చిపోయారు. అదీ చాలామంది చేసేదే! ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఆ సబ్జెక్టు మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఉన్న పేజీని ఇంగ్లిష్‌లో తీసుకోండి. అందులో సిలబస్, గంటలు, పరీక్ష పద్ధతి అన్నీ ఉంటాయి. దాని పక్కన మీ కాలేజీలో దానికి దగ్గరగా ఉన్న ఎలెక్టివ్ సిలబస్ పెట్టి, యూనిట్‌కి యూనిట్ ఏది ఎక్కడ కలుస్తుందో ఒక పేజీలో రాసి హెచ్‌ఓడీకి ఇవ్వండి. అటానమస్ కాలేజీ కాబట్టి సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి ఒప్పించే వీలు ఉంటుంది. నోటిమాటగా అడిగితే ‘రూల్ ఒప్పుకోదు’ అంటారు, కాగితం పెడితే చదవక తప్పదు. అక్కడి 6 ఈసీటీఎస్‌కి (యూరప్ క్రెడిట్లకి) ఇక్కడా ఆరు క్రెడిట్లు కావాలని మాత్రం పట్టుబట్టకండి. అక్కడ ఒక్కో క్రెడిట్‌కి ఇంట్లో చదువుకునే టైముతో కలిపి 25 నుంచి 30 గంటలు లెక్కేస్తారు, మన లెక్క క్లాసు గంటల మీద నడుస్తుంది. మూడు వచ్చినా తీసుకోండి.

అటెండెన్స్‌కి అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చదివారో చెప్పే సర్టిఫికెట్ తెప్పించండి. అక్కడ క్లాసులు ఫిబ్రవరి సగం దాకా, ఆ తర్వాత పరీక్షలు ఉంటాయి కాబట్టి మార్చిలో రావడం మీ తప్పు కాదు. మీ కాలేజీయే పంపింది కాబట్టి ఆ రోజుల్ని ఆన్ డ్యూటీ కింద లెక్కేయమని ప్రిన్సిపాల్‌గారికి రాతపూర్వకంగా అడగండి. 75 శాతం హాజరు రూలు, కండొనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అంటూ కిందిస్థాయిలో కౌంటర్ల చుట్టూ తిరిగితే నెల గడిచిపోతుంది.

ఇప్పుడు ల్యాబ్ సంగతికి వస్తాను. ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నాకెందుకో అక్కడే ఏదో ఉందనిపించి ఫోన్ చేశాను. మీ అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

నలుగురి గ్రూపు. ఒక స్టీల్ పట్టీని ఒక చివర బిగించి, రెండో చివర సెన్సర్ పెట్టి వైబ్రేషన్ కొలవాలి. డేటా ప్రాసెస్ చేసే పని మీది. సెన్సర్ రీడింగ్ ‘జీ’ల్లో (ఒక జీ అంటే 9.81 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్) వస్తుంటే మీరు దాన్ని మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అనుకుని గ్రాఫులు గీశారు. అన్నీ 9.81 రెట్లు తక్కువ. గురువారం రాత్రే మీకు ఏదో తేడాగా ఉందనిపించింది. అయినా గ్రూపులో ‘అయిపోయిందా’ అని అడిగితే ‘ఆ, అయిపోయింది’ అన్నారు. సోమవారం ఆ గ్రూప్‌మేట్ అబ్బాయి గ్రాఫు చూసి అడిగింది లెక్క ఎందుకు తప్పిందని కాదు. ‘అనుమానం వచ్చినప్పుడు గురువారమే ఎందుకు చెప్పలేదు’ అని. మీరు కారిడార్‌లోకి వెళ్లి ఏడ్చారు. మళ్లీ వచ్చి రాత్రికి లెక్కంతా తిరగ్గట్టారు. ఆ పొరపాటునీ, దిద్దిన తీరునీ అతను రిపోర్టులోనే ఒక పేరాగా రాశాడు, దాచలేదు. తర్వాతి ప్రయోగానికి మీరు మొదటి రాత్రే ‘ఈ ఫిల్టర్ నాకు అర్థం కాలేదు’ అని మెసేజ్ పెట్టారు. ఒకరు లైబ్రరీకి వచ్చి చెప్పారు.

అమ్మాయీ, ఇది వదిలేసి ‘గ్లోబల్ ఎక్స్‌పోజర్’ అని రాశారా! ఇక్కడ సార్ ‘అర్థమైందా’ అనగానే అరవైమందీ తలలూపుతాం. పని రాకపోయినా ‘చేసేస్తా సార్’ అంటాం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది పిల్లలతో మేనేజర్లు పడే బాధ చాలావరకు ఇదే. మీరు ఆ అలవాటు వదులుకున్నారు, పైగా ఎలా వదిలారో చెప్పగలరు. ఇంటర్వ్యూలో ఈ కథ ఒకటిన్నర నిమిషంలో చెప్పండి. ఏడ్చిన మాట అక్కర్లేదు, 9.81 మాత్రం తప్పకుండా చెప్పండి. ఎదుట ఉన్న ఇంజినీరు వెంటనే పట్టుకుంటాడు. లెక్చర్ అయ్యాక అందరూ చప్పట్లకి బదులు బల్లల మీద కొడితే గొడవ మొదలైందనుకున్నానని మీరు చెప్పారే, నాకు భలే నచ్చింది. కానీ అది స్నేహితులతో కబుర్లకి దాచుకోండి.

రెజ్యూమెలో దీన్ని చదువు కిందే, మీ బీటెక్ లైను దిగువన ‘ఎక్స్‌చేంజ్ సెమెస్టర్’ అని తేదీలతో పెట్టండి. వేరే డిగ్రీలా కనిపించకూడదు. కింద ఒక్క వాక్యంలో ఆ వైబ్రేషన్ ల్యాబ్, మీరు చేసిన పని రాస్తే చాలు.

పోయిన సబ్జెక్టు గురించి దాపరికం వద్దు. అక్కడ మిడ్స్ లేవు, ఇంటర్నల్స్ లేవు, అంతా చివర ఒక్క గంటన్నర పరీక్ష. గడువులోగా ఆ పరీక్ష నుంచి పేరు తీసేయించుకోవచ్చని మీకు ఆలస్యంగా తెలిసింది. అడిగితే ఇంతే చెప్పండి. కానీ జులైలో 4-1 మొదలవగానే కంపెనీలు రావడం మొదలవుతుంది, చాలా కంపెనీల మొదటి షరతు బ్యాక్‌లాగ్ ఉండకూడదనే. అందుకని దానికి సమానమైన ఇక్కడి పేపరు ఈలోపే రాసేయాలి.

హైదరాబాద్‌లో బాష్, జెడ్‌ఎఫ్ లాంటి జర్మన్ కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు ఉన్నాయి కదా, గోథే సెంట్రంలో జర్మన్ ఏ2 చేరనా అని ఫోన్‌లో అడిగారు. చేరొచ్చు, ఎప్పటికైనా పనికొస్తుంది. అది జులై తర్వాత చూద్దాం. సప్లీ ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడో రేపే ఎగ్జామ్ సెక్షన్‌లో కనుక్కోండి.