ఒక్క వాల్వు ప్లేటే ఎర్రబడుతోందంటే

అన్నా, ముందు ఆ వాల్వు యాంప్ (గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్) ఆపేయండి. నాలుగు ఈఎల్34 పవర్ వాల్వుల్లో ఒకదాని ప్లేటు (లోపలి లోహపు రేకు) ఎర్రబడి ఫ్యూజు పోతోంది, పెద్ద ఫ్యూజు వేయనా అని అడిగారు కదా, ఆ పని మాత్రం అస్సలు చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మధ్యలో ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే, కానీ బూడిద రంగు ప్లేటు మీద ఎర్ర మచ్చ వచ్చిందంటే గ్రిడ్‌కి (వాల్వులో కరెంటుని అదుపు చేసే తీగకి) నెగటివ్ బయాస్, అంటే ఆ అదుపుకి కావాల్సిన మైనస్ వోల్టేజీ, సరిగా అందట్లేదనో, వాల్వే పాడైందనో అర్థం.

చల్లారాక ఆ వాల్వునీ పక్కదాన్నీ అటూ ఇటూ మార్చి, స్పీకర్లు తప్పకుండా కలిపి, చెయ్యి స్విచ్ మీదే ఉంచి ఆన్ చేయండి, ఎరుపు కనపడగానే ఆపేయండి. ఎరుపు వాల్వుతో పాటు వెళ్తే వాల్వు మార్చాలి. అదే సాకెట్‌లో ఉండిపోతే నా అనుమానం కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని వాల్వుకి పంపి డీసీని ఆపేది) లీకేజీ మీదే, సాకెట్ పిన్ను వదులైనా ఇలాగే అవుతుంది. 630 వోల్టుల కప్లింగ్ కెపాసిటర్ కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి.

ప్లగ్ పీకేసినా లోపల కెపాసిటర్లలో 400 వోల్టుల పైనే నిలిచి ఉండొచ్చు, ప్రాణం పోతుంది. 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌లో సున్నాకి దిగిందని చూశాకే లోపల చెయ్యి పెట్టండి. ఇది అలవాటు లేకపోతే తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.