హీటర్ బ్లోవర్ ఆగిపోతే: మోటారు కొనేముందు చూడాల్సినవి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పాత పికప్‌లో హీటర్ బ్లోవర్ (లోపలికి గాలి తోసే ఫ్యాన్) తిరగడం లేదనీ, కొత్త మోటారు తెచ్చేస్తాననీ రాశావు. కాస్త ఆగు అల్లుడూ. ముందు తాళం ఆన్‌లో పెట్టి, బ్లోవర్ స్విచ్‌ని ఒక్కో స్పీడులో కాసేపు ఉంచి ఏమవుతోందో గమనించు. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

ఆఖరి స్పీడులో తిరుగుతూ కింది స్పీడులన్నీ పోయాయంటే రెసిస్టర్ (కరెంటు తగ్గించి స్పీడు తగ్గించే భాగం) కాలిపోయినట్టు. కింది స్పీడుల్లో కరెంటు దాని గుండా వెళ్తుంది, ఫుల్‌లో దాన్ని తప్పించుకుని నేరుగా మోటారుకు చేరుతుంది. ఫుల్ స్పీడు ఒక్కటే పోతే హై స్పీడు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), దాని ఫ్యూజు, స్విచ్‌లో ఆ కాంటాక్టు చూడాలి. డాష్‌బోర్డు కింద మోటారు పైతొడుగు మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరగడం మొదలెట్టిందా, లోపల కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయి. అప్పుడు మోటారు మార్చాల్సిందే. ఏ స్పీడులోనూ ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్యూజు దగ్గర మొదలుపెట్టు.

ఆ ఫ్యూజు చాలా బళ్లలో 25 లేదా 30 ఆంపియర్లది. పోయి ఉంటే అదే రేటింగుది వెయ్యి. వెంటనే మళ్లీ పోతే మోటారు సాకెట్ ఊడదీసి ఇంకొకటి పెట్టి చూడు. ఈసారి నిలిస్తే మోటారు బిగుసుకుపోయిందన్నమాట, లేదా లోపల షార్ట్ అయింది. అప్పటికీ పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది. పెద్ద ఫ్యూజు మాత్రం ఎప్పుడూ పెట్టకు. ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది, డాష్‌బోర్డు వెనక మంట పుడితే ఆర్పడం కష్టం.

ఫ్యూజు బాగుంటే మోటారు దగ్గర వోల్టేజి చూడాలి. సాకెట్ ఊడదీయకుండానే, స్విచ్ ఫుల్‌లో పెట్టి, వెనక వైపు నుంచి మీటరు సూదులు రెండు పిన్నులకీ ఆనించు. ఊడదీసి చూస్తే తుప్పుపట్టిన జాయింటు కూడా నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు లోడు పడ్డప్పుడే దాని లోపం తెలుస్తుంది. 12 దగ్గర చూపిస్తూ కూడా మోటారు కదలకపోతే మోటారు పోయింది. ఏమీ చూపకపోతే నల్ల సూదిని బ్యాటరీ నెగటివ్‌కి మార్చి, ఒక్కో పిన్నునూ విడిగా కొలువు. రెంటిలోనూ 12 వస్తే ఎర్త్ వైపు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే వైపు, దారి తెగింది. కొన్ని బళ్లలో స్విచ్, రెసిస్టర్ ఎర్త్ వైపే ఉంటాయి కాబట్టి అక్కడ ఆ రెండూ కూడా అనుమానించాలి. దేంట్లోనూ రాకపోతే వెనక్కి రిలే, తాళం స్విచ్ దాకా వెళ్లు.

మోటారు తిరుగుతున్నా గాలి నీరసంగా ఉంటే, ఫుల్ స్పీడులో ఎర్త్ బోల్టుకీ (ఎర్త్ వైరుని బాడీకి బిగించే బోల్టు) బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలువు. 0.2 వోల్టు దాటితే బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించు.

రెసిస్టర్ విషయంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. అది బ్లోవర్ పక్కన గాలి గొట్టంలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది. కొత్తది వేస్తారు, కొన్నాళ్లకే మళ్లీ కాలుతుంది. కారణం చాలాసార్లు మోటారే. ఇరుసుని పట్టి ఉంచే బుష్‌లు ఎండి బరువుగా తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడంతా రెసిస్టర్ మీదా దాని సాకెట్ మీదా పడుతుంది. ఎండుటాకులు అడ్డుపడి గాలి తగ్గినా అంతే. అందుకని రెసిస్టర్ విప్పినప్పుడు ఫ్యాన్ చక్రాన్ని చేత్తో తిప్పి చూడు. వదిలాక ఇంకా కొంచెం తిరగాలి. గరగరమన్నా, టక్కున ఆగినా మోటారు కూడా మార్చు. డీసీ క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) దొరికితే ఫుల్‌లో కరెంటు కొలువు. ఫ్యూజు రేటింగుకి దగ్గరగా పోతుంటే ఆ మోటారుని నమ్మకు. సాకెట్ గోధుమరంగుకి మారినా, కరిగినా వైర్లతో సహా కొత్త సాకెట్ వెయ్యాలి. రెసిస్టర్‌లోని థర్మల్ ఫ్యూజు (మరీ వేడెక్కితే తెగేది) తెగిందని తీగతో కలపడం ప్రమాదం, ఆ పని చెయ్యకు.

మోటారు తీసేముందు బ్యాటరీ నెగటివ్ ఊడదియ్యి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే కొన్ని నిమిషాలు ఆగు. మోటారుకి సన్నని రబ్బరు గొట్టం ఉంటే బిగించేటప్పుడు మర్చిపోకు, మోటారుకి చల్లగాలి అందేది దాన్నుంచే. వైర్లు తారుమారైతే చక్రం వెనక్కి తిరుగుతుంది, శబ్దం వస్తుంది కానీ గాలి సరిగా రాదు.

బ్లోవర్ బాగా తిరిగి చల్లగాలే వస్తుంటే అది వేరే జబ్బు: కూలెంట్ మట్టం, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని వదిలే వాల్వు), హీటర్ కోర్ (వేడి కూలెంట్ పారే చిన్న రేడియేటరు) చూడాలి. కూలెంట్ మూత ఇంజను పూర్తిగా చల్లారాకే తియ్యి.

ఏ స్పీడులో ఏమైందో, మోటారు పిన్నుల దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో, సాకెట్ ఏ రంగులో ఉందో రాసి పంపు. ఏం కొనాలో అప్పుడు చెప్తాను.

నీ మామయ్య