అప్పగించని పనిని నెత్తిన వేసుకునే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్లుగా మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. చిన్నప్పటి నుంచీ ఎవరూ చెప్పకుండానే పనులందుకునే పిల్ల. ఇప్పుడూ తనకు అప్పగించని పనులతో రాత్రి పదకొండింటి దాకా కూర్చుంటోంది. అప్రైజల్‌లో మాత్రం సగటు రేటింగే వచ్చింది. ఉద్యోగం మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా, ఎంబీఏకు పంపాలా? అవసరమైతే మేనేజరుతో నేనే మాట్లాడతాను.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సుల గురించి అడిగారు గానీ, మంచితనాన్ని అలుసుగా తీసుకుని పిల్లను వాడుకుంటున్నారన్నదే మీ అసలు బాధ. చెప్పకుండానే పనులందుకుంటుందని ఇరవై ఏళ్లు మెచ్చుకుని, ఆఫీసులో అదే చేస్తుంటే ఇప్పుడు కంగారు పడితే ఎలా అండీ?

ఆఫీసులో ఇది ఎలా జరుగుతుందో చూడండి. రాత్రిపూట దానంతటదే నడవాల్సిన ప్రోగ్రామ్, అంటే బ్యాచ్ జాబ్, ఒకటి ఆగిపోతుంది. దాన్ని రాసినవారు ఎప్పుడో వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయి ఉంటారు. ఆ సమస్యను నమోదు చేసిన టికెట్ తెరిస్తే బాధ్యుల పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపిస్తుంది. గ్రూపులో పదిమందీ మెసేజ్ చూస్తారు, మీ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరుస్తుంది. తెల్లారేసరికి అంతా సవ్యంగా నడుస్తూ ఉంటుంది కనుక ఉదయం మీటింగులో చెప్పుకోవడానికి సమస్యే మిగలదు. రేటింగ్ వేసే మేనేజరుకు కనిపించేవి టికెట్ల మీది పేర్లు, ఏడాది మొదట్లో రాసుకున్న లక్ష్యాలు.

ఇది ఆమె ఒక్కదాని బలహీనత అనుకోకండి. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు 2017లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’ అనే పరిశోధన పత్రికలో ప్రచురించిన ప్రయోగాలలో, ఎవరో ఒకరు చేయక తప్పని, చేసినవారికి మాత్రం లాభం తక్కువగా ఉండే పనికి, ఆడా మగా కలిసిన బృందాలలో స్త్రీలే ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవారే ఉన్న బృందాలలో ఆ పనేమీ ఆగిపోలేదు. మీ అమ్మాయి ఒక రాత్రి లేవకపోతే కొంపేమీ మునగదు.

కొన్ని నెలల ఏఐ సర్టిఫికెట్ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రాల మీద పట్టు లేనివారికి నాలుగు టూల్స్ చూపించి లక్షలు తీసుకునేవాటిని చాలానే చూశాను. ఈఎంఐలు తీరకముందే ఆ టూల్స్ పాతబడుతున్నాయి. పైగా ఆ రంగంలో డేటా శుభ్రం చేయడం, లేబుల్స్ సరిచూడడం వంటి ఎవరికీ చెందని పని ఇంకా ఎక్కువ. మేనేజ్‌మెంట్ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఎంబీఏ మంచిదే, కాకపోతే అలవాటు మారకుంటే అక్కడా గ్రూప్ ప్రాజెక్టు పీపీటీ ఆమే చేస్తుంది.

అన్నీ వదిలేయమని నేను చెప్పను. ఆ రాత్రే కస్టమర్‌కు నష్టం జరిగేటట్లయితే, ముందు టికెట్ మీద తన పేరు వేసుకుని ఆ తరువాత చేయాలి. తెల్లారేదాకా ఆగగలిగినదైతే ‘ఇది ఎవరు చూస్తున్నారు?’ అని గ్రూపులో అడిగి ల్యాప్‌టాప్ మూసేయాలి. ప్రతి శుక్రవారం, తనది కాని పని ఏం చేసిందో, ఎన్ని గంటలు పట్టిందో, దాన్ని తన లక్ష్యాలలో చేరుస్తారో వేరొకరికి ఇస్తారో అడుగుతూ మేనేజరుకు నాలుగు లైన్ల మెయిల్ పంపాలి. వచ్చే అప్రైజల్‌కు కూడా రేటింగ్ కదలకపోతే నిశ్చింతగా వేరే కంపెనీ వెతుక్కోవచ్చు. ఇతరులు ముట్టుకోని సిస్టమ్స్ లోతుపాతులు తెలిసిన పిల్లకు ఇంటర్వ్యూలో మాటలకు కొదవ ఉండదు.

మేనేజరుతో మీరు మాట్లాడతానన్నారు. అది మాత్రం మీకెవరూ అప్పగించని పని.